సర్వర్ ఎక్కడ ఆపింది?

డేటాబేస్ బాధ్యత ఈ మధ్యే చేతికొచ్చిన పిల్లలు ఈ సభలో ఎక్కువమంది కనిపిస్తున్నారు. వాళ్లను ఉద్దేశించే మాట్లాడతాను. మనలో చాలామంది వాడేది మైఎస్‌క్యూఎల్ కాబట్టి దాన్నే తీసుకుంటాను.

"డేటాబేస్ కనెక్ట్ అవడం లేదండీ" అని ఫోన్ వస్తుంది. కొత్తలో చెయ్యి వెంటనే పాస్‌వర్డ్ మార్చడానికే వెళుతుంది. దయచేసి ఆగండి. ముందు ఎర్రర్ మెసేజ్ పొల్లు పోకుండా తెప్పించుకోండి. వీధి గేటు దగ్గర ఆపారా, గుమ్మం దగ్గరా, లోపల బీరువా దగ్గరా అన్నది అందులోని నంబరే చెబుతుంది.

2003 అంటే సర్వర్‌ దాకా చేరనే లేదు. సర్వీసు నడుస్తోందా, 3306 పోర్టును ఫైర్‌వాల్ అడ్డుకుంటోందా, బైండ్ అడ్రస్ 127.0.0.1గానే ఉండిపోయిందా చూడాలి. 1130 అంటే ఆ మెషిన్ నుంచి వచ్చేవాళ్లకు అసలు అకౌంటే లేదు. 1044 అంటే లాగిన్‌తో పేచీ లేదు, ఆ డేటాబేస్ మీదే హక్కు లేదు. ఈ మూడింటిలో దేనికీ పాస్‌వర్డ్‌తో సంబంధం లేదు.

చిక్కంతా 1045తోనే. పాస్‌వర్డ్ తప్పయినా, ఆ పేరుతో యూజరే లేకపోయినా అదే నంబరు వస్తుంది. అపరిచితుడికి ఆనవాళ్లు దొరకకుండా ఉండాలంటే అలాగే ఉండాలి కూడా. అయితే మెసేజ్ చివర చూడండి. 'యూజింగ్ పాస్‌వర్డ్: నో' అని ఉంటే అప్లికేషన్ పాస్‌వర్డే పంపలేదు. అప్పుడు వెతకాల్సింది కాన్ఫిగరేషన్ ఫైలులో.

'యెస్' అని ఉంటే యూజర్ పేరు పక్కనున్న హోస్ట్ చదవండి. మైఎస్‌క్యూఎల్‌లో అకౌంట్ అంటే పేరొక్కటే కాదు, పేరూ హోస్టూ కలిపి. యాప్@లోకల్‌హోస్ట్ వేరు, యాప్@% వేరు. పాస్‌వర్డ్‌లూ వేరే, హక్కులూ వేరే. సర్వర్ ఉన్న మెషిన్ నుంచే వస్తే సర్వర్ మొదటిదాన్నే పట్టుకుంటుంది. మీరు రెండోదానికి ఎన్ని పాస్‌వర్డ్‌లు మార్చినా తలుపు తెరుచుకోదు. పాత సర్వర్లలో పేరు లేని అకౌంట్ లోకల్‌హోస్ట్‌కు మిగిలిపోయి ఉంటే, యాప్@%కు రావాల్సిన లాగిన్‌ను అదే అడ్డుకుంటుంది. ఇది చాలామంది రోజుల తరబడి కనిపెట్టలేని లోపం. యూజర్ టేబుల్‌లో పేరు, హోస్ట్ రెండు కాలమ్‌లూ పక్కపక్కన పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

2018లో వచ్చిన 8.0 నుంచి పాస్‌వర్డ్ సరిచూసే డిఫాల్ట్ పద్ధతి కూడా మారింది. అప్‌గ్రేడ్ చేశాక పాత అప్లికేషన్ ఒక్కటే మొరాయిస్తే డ్రైవర్ కొత్తది వేయండి.

ఏమీ తోచక అన్ని డేటాబేస్‌ల మీదా 'గ్రాంట్ ఆల్' ఇచ్చేసి, హోస్ట్ దగ్గర % పెట్టేసేవాళ్లున్నారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఆ టేబుళ్లలో ఉన్నవి రోగుల రిపోర్టులు, జీతాల లెక్కలు, జనం ఫోన్ నంబర్లు. అప్లికేషన్‌కు దాని డేటాబేస్ మీద సెలెక్ట్, ఇన్‌సర్ట్, అప్‌డేట్, డిలీట్ చాలు. మార్చే ముందు 'షో గ్రాంట్స్' ఇచ్చిన జవాబును దాచుకోండి, వెనక్కి వెళ్లాల్సి వస్తే అదే ఆధారం.

రూట్ పాస్‌వర్డే పోతే 'స్కిప్ గ్రాంట్ టేబుల్స్' జోలికి వెంటనే పోకండి. అది ఉన్నంతసేపూ ఎవరైనా పాస్‌వర్డ్ లేకుండా లోపలికి రావచ్చు. 8.0లో దానితోపాటు నెట్‌వర్క్ దానంతటదే మూసుకుంటుంది, పాతవాటిలో మనమే మూయాలి. అంతకంటే, కొత్త పాస్‌వర్డ్ పెట్టే ఆల్టర్ యూజర్ వాక్యాన్ని ఒక ఫైలులో రాసి, 'ఇనిట్ ఫైల్'గా ఇచ్చి సర్వర్‌ను లేపడం మేలు. సర్వర్ లేవగానే ఆ ఫైలు చెరిపేయండి, పాస్‌వర్డ్ అందులో అక్షరాలా కనిపిస్తూ ఉంటుంది.