పొరుగూరి రేవున ఈత



ఏటికొప్పాక మా యూరు. నర్సీపట్నమునకు చేరువను, వరాహ నది యొడ్డున నున్నది. ఊరి పేరు వినగానే లోకులకు లక్కబొమ్మలు జ్ఞప్తికి వచ్చును. అంకుడు కర్రను తరిమెనపై త్రిప్పుచు, ఆ యొరపిడి వేడికి లక్క కరగి కర్రకు పట్టగా, మొగలాకుతో నునుపు దేల్చి చేయు బొమ్మలివి. 2017లో వీనికి భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. అట్టి బొమ్మలను మూటగట్టుకొని ముప్పది సంవత్సరములు ఊరూర ప్రదర్శనములకు తిరిగినవాడను నేను. అయినను నేడు నేను బొమ్మలను గూర్చి ముచ్చటింపబోను. ఆ తిరుగుటలో నాకు పట్టువడిన యొక యలవాటును గూర్చి చెప్పెదను.

ఏ యూరికి పోయినను తెల్లవారుజామున ఆ యూరి పెద్దవారు ఎక్కడ ఈదుదురో విచారించి, వారి యనుమతి గైకొని, వారితో గూడి యీదుట నా యలవాటు. బొమ్మల మూటలో ఒక తువ్వాలు, ఒక లాగు ఎప్పుడును ఉండును. అరువది యేండ్లు దాటినవానికి పరాయి యూరిలో ఈతలేల యని నవ్వినవారు గలరు. ఈ యలవాటు ఎట్లు గలిగెనో, దానివలన నేనేమి నేర్చికొంటినో చెప్పి, పిమ్మట మీకొక మనవి చేసికొందును.

నాకు ఈత నేర్పినవాడు మా మేనమామ. ఎండిన ఆనపబుర్రలు రెండు నడుమునకు గట్టి వరాహలో దింపెడివాడు. కొన్ని దినములకు ఒక బుర్ర తీసివేసెను. మరికొన్ని దినములకు రెండవదియు తీసివేసెను. నేర్పుచున్నంతసేపును తాను దిగువ ప్రక్కను మొలలోతు నీటిలో నిలుచుండెడివాడు. "ఎగువను నిలిచినవానికి కొట్టుకొనిపోవు పిల్లవాడు చిక్కడురా" యని యాయన చెప్పిన మాట నేటికిని నా చెవిలో నున్నది. పండ్రెండవ యేట నేను ఈ గట్టునుండి ఆ గట్టునకు విశ్రాంతి లేకుండ పోయి రాగలిగితిని. ఊరిలో అందరును మెచ్చిరి. ఆ మెప్పే తరువాత నాకు ముప్పు తెచ్చినది.

ముప్పదియవ యేట, బొమ్మలమ్ముకొనుటకు గోదావరి తీరమునకు మొదటిసారి పోయితిని. సాయంకాలము ఒక రేవునకు స్నానమునకు పోగా, పడవ గట్టుచున్న వృద్ధుడొకడు నన్ను జూచి, "బాబూ, క్రొత్తవాడవు. ఆ రాతిమెట్ల చివర దాటి పోకుము. అడుగున లాగు ఎక్కువ" యని హెచ్చరించెను. నేను నవ్వి, "తాతా, నేను ఏటి యొడ్డున పుట్టినవాడను" అంటిని. అని, దుమికితిని.

పది బారలు వేసితినో లేదో, మెట్లు నాకు ఎగువను కనబడినవి. తిరిగి మెట్లవైపునకే ఎదురీదితిని. ఎంత యీదినను మెట్లు దూరమగుచుండెనే గాని చేరువ గాలేదు. రెక్కలు బరువెక్కినవి, నోటిలోనికి నీరు వచ్చినది. అంతలో ఒడ్డున ఈతకు వచ్చిన పెద్దవారిద్దరు నన్ను జూచిరి. ఒకాయన ఒడ్డు వెంబడి పరుగిడుచు, "ఏటితో పోరాడకు! దానితోనే పోవుచు, వాలుగా ఒడ్డునకు రా!" యని కేకవేసెను. రెండవ యాయన దిగువకు పోయి, నీటిలో నిలువగలిగిన చోట నిలిచి, తన పైపంచె కొస నావైపు విసరెను. చేయి యియ్యలేదు. మునుగువాడు చేయి పట్టిన వానిని గూడ ముంచునని యాయనకు తెలియును. ఆ పంచె కొస పట్టుకొని నేను బ్రదికి బయటపడితిని.

ఒడ్డున కూర్చుండి రొప్పుచున్న నన్ను వారు తిట్టలేదు. "నీకు ఈత వచ్చును. కాని యీ నీరు నీకు రాదు. రేపు ఐదు గంటలకు రమ్ము, మాతో ఈదుదువుగాని" అనిరి. సిగ్గుతో రాత్రియంతయు నిదురపట్టలేదు. అయినను తెల్లవారుజామున పోయితిని. ఎనిమిదిమంది యుండిరి, అందరును ఏబది దాటినవారే. ఎక్కడ దిగవలెనో, ఎక్కడ తేలవలెనో, ఏ గుర్తు కనబడగానే ఒడ్డునకు తిరుగవలెనో చూపిరి. ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు, నడుమ నేను. అంతకు ముందునాడు నన్ను మ్రింగబోయిన గోదావరి ఆ యుదయమున తల్లివలె మోసినది. నీరు మారలేదు, తోడు మాత్రమే మారినది. నాటినుండి పరాయి నీటిలో ఒంటిగా దిగనని ఒట్టు పెట్టుకొంటిని.

విజయవాడలో కృష్ణ యొడ్డున ఉదయమున ఈదువారు పలువురు గలరు. ఆక్వా డెవిల్స్ అను సంఘము అక్కడ కృష్ణను ఈది దాటు పోటీలు నడపినది. అందు బాలురతోపాటు తలనెరసినవారును పాల్గొనిరి. 1957లో పూర్తియైన ప్రకాశము బ్యారేజికి ఎగువను నీరు వెడల్పుగా నిలిచి చూచుటకు చెరువువలె నుండును. కాని వరదల కాలమున తలుపులు ఎత్తినప్పుడు ఆ నీటి స్వభావమే మారిపోవును. నేడు దిగవచ్చునా, దిగరాదా యనునది అక్కడివారికే తెలియును. వారు దిగని దినమున నేనును దిగను.

విశాఖపట్టణపు సముద్రము సంగతి మరియొకటి. కెరటములు విరుగుచున్న చోట భయపడి, కెరటము లేని నెమ్మదియైన తావున దిగుట క్రొత్తవారి వాడుక. మోసమక్కడనే యున్నది. ఒడ్డునకు వచ్చిన నీరు తిరిగి సముద్రములోనికి పోవు దారి పలుమారు ఆ నెమ్మదియైన తావే యగును. అందు చిక్కినవాడు ఒడ్డునకు ఎదురీదినచో అలసి మునుగును. ఒడ్డు వెంబడి ప్రక్కగా ఈది ఆ దారి తప్పించుకొని, పిమ్మట ఒడ్డు చేరవలెను. 2022 జూలైలో మనకు చేరువనున్న పూడిమడక తీరమున విద్యార్థులు విహారమునకు పోయి సముద్రమున పడి మరణించిన సంగతి మీరెరుగుదురు. నీటి నెరిగిన తోడు లేక పోవుట ఎంతటి ముప్పో అంతకంటె వేరుగ చెప్పనక్కరలేదు.

2019లో అమెరికాలోని మా యమ్మాయి యింటికి పోయినప్పుడును ఈ యలవాటు మానలేదు. అక్కడ పెద్దవారి యీత సంఘములు ఊరూర గలవు. వీనిని మాస్టర్స్ సంఘములందురు. ర్యాన్సమ్ ఆర్థర్ అను వైద్యుడు, వయస్సు మీరినవారికి ఈత ఆరోగ్యకరమని నమ్మి చేసిన ప్రోత్సాహమున, 1970లో టెక్సాసు రాష్ట్రపు అమరిల్లో పట్టణమున వీరి మొదటి జాతీయ పోటీలు జరిగినవి. వయస్సులవారిగా ఐదేసి సంవత్సరములకొక తరగతి చేసి, ఏబది యేండ్లవాడు ఏబది యేండ్లవానితోను, ఎనుబది యేండ్లవాడు ఎనుబది యేండ్లవానితోను ఈదునట్లు ఏర్పరచిరి. 1986లో టోకియోలో మొదటి ప్రపంచ పోటీలు జరిగినవి. ఆ సంఘములలో పలుచోట్ల పరాయి యూరివారు కొలది రుసుము చెల్లించి ఒకనాటి సాధనలో చేరవచ్చును.

అక్కడి పద్ధతి మనకు వింతగా దోచును. కొలనును త్రాళ్లతో వరుసలుగా విభజింతురు. ఒక్కొక్క వరుసలో నలుగురైదుగురు, ఒక యంచున పోయి మరియొక యంచున తిరిగి వత్తురు. వడిగలవాడు ముందు, నిదానమైనవాడు వెనుక. గోడమీది పెద్ద గడియారమును జూచి, ఒకని వెనుక నొకడు కొన్ని క్షణముల యెడముతో బయలుదేరుదురు. శిక్షకుడు నన్ను "నూరు గజములు ఎంతసేపటిలో ఈదుదువు?" అని యడిగెను. ఏటిలో గజములు కొలిచినదెవరు? అయినను సిగ్గుపడి నోటికి వచ్చిన లెక్క చెప్పితిని. మూడవ వరుసలో దింపెను. రెండు మారులు పోయి వచ్చుసరికి నా వెనుకవారు నా పాదములను తట్టసాగిరి. మెల్లగా పైకివచ్చి నిజము చెప్పుకొంటిని. ఆయన నవ్వి కడపటి వరుసకు పంపెను. అక్కడ ఎనుబది యేండ్ల ముసలామె యొకతె నాకు దారి చూపెను. ఆ వరుసలో నాకు కలిగిన సుఖము చెప్పలేను. అబద్ధమాడి ముందు వరుసలో రొప్పుటకంటె నిజము చెప్పి వెనుక వరుసలో ఈదుట మేలు.

వయస్సు మీరినదని వెనుదీయువారికి రెండు సంగతులు చెప్పెదను. జపానులో మియేకో నగావోకా అను నామె ఎనుబదియవ పడిలో, మోకాళ్ల నొప్పికి మందుగా, ఈత సాధన మొదలుపెట్టి, 2015లో నూరేండ్ల వయస్సున 1500 మీటర్లు ఆగకుండ ఈదినది. మన తెలుగు ఆడపడుచు గోలి శ్యామల నడివయస్సున ఈత సాధన చేసి, 2021లో శ్రీలంకనుండి రామేశ్వరమువైపునకు పాక్ జలసంధిని ఈది దాటినది. మనము జలసంధులు దాటనక్కరలేదు. మన యేరు మనము దాటగలిగిన చాలును.

పరాయి రేవున చేరగోరువానికి నేను నేర్చిన మర్యాదలు కొన్ని యున్నవి. మొదటిది, అడుగకుండ దిగరాదు. రెండవది, వచ్చిన ఈతను ఉన్నదున్నట్లు చెప్పవలెను. గుండెజబ్బు, మూర్ఛ మొదలగునవి యున్నచో దాచరాదు. మూడవది, మొదటినాడు వెనుక నుండవలెను. నాలుగవది, చెప్పకుండ నీటినుండి లేచిపోరాదు; ఒడ్డున లెక్క తప్పినచో మిగిలినవారందరును నీటిలో నిన్ను వెదకుదురు. ఐదవది, వట్టిచేతులతో పోరాదు. నేను ఒక లక్క బొంగరము పట్టుకొని పోయెడివాడను. నాతో ఈదిన పెద్దవారి మనుమలయొద్ద, ఎన్నో యూళ్లలో, మా యేటికొప్పాక బొంగరములు తిరుగుచుండునని తలచుకొనుట నాకు సంతోషము.

ఇక నా మనవి.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను దూరదేశమున ప్రదర్శనములో నుండగా ఇంటినుండి వార్త వచ్చినది. మా బంధువుల పిల్లవాడు, పదునాలుగేండ్లవాడు, తోటివారితో ఏటికి పోయి, ఇసుక తీసిన గోతిలో పడి మునిగిపోయెను. మొలలోతు నీటిలో నడచుచు ఒక్క అడుగు ముందుకు వేసినాడట. అక్కడ అడుగు లేదు. వానికి ఈత రాదు. తండ్రి ఏటికి పోవద్దని కట్టడి చేసినాడు గాని ఈత నేర్పలేదు. నేనును నేర్పలేదు. ఊరూర పరాయి పెద్దలతో గూడి ఉదయముననే ఈదినవాడను, ఏనాడైనను ఇంటనున్న దినములలో ఆ పిల్లవానిని చేయిపట్టి వరాహకు తీసికొనిపోయితినా? గోదావరిలో నాకు ఎవరో పంచె కొస విసరిరి. మా పిల్లవానికి విసరుటకు ఒడ్డున పెద్దవాడొక్కడును లేకపోయెను.

2021లో ప్రపంచమున మూడు లక్షలమంది నీట మునిగి మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వారిలో పసివారును, పడుచువారును మెండు. ఏటికి పోవద్దని పిల్లలను కట్టడి చేసినంత మాత్రమున వారు పోకుండుదురా? మనము పోకుంటిమా? దొంగతనముగా పోవు పిల్లవానికి ఈత రాదు. తోడుండు పెద్దవాడును ఉండడు.

కాబట్టి మా యూరిలో నలుగురము ముసలివారము ఒక యేర్పాటు చేసికొంటిమి. వరదలు తీసి, నీరు తేటపడిన పిమ్మట, ఉదయమున ఒక గంట రేవునకు పోవుదుము. ముందు ఒకడు వెదురు గడతో అడుగు పరీక్షించి, గోతులున్న మేర గుర్తు పాతును. ఇద్దరు దిగువ ప్రక్కను నిలుతురు. ఒకడు పొడుగాటి త్రాడుతో ఒడ్డుననే యుండి పిల్లలను లెక్కపెట్టుచుండును. దిగునప్పుడొక లెక్క, ఎక్కునప్పుడొక లెక్క. నడుమునకు ఆనపబుర్రలు కట్టుట పాతపద్ధతియే, ఖర్చు లేదు. మగపిల్లలతోపాటు ఆడపిల్లలకును నేర్పుచున్నాము. ఏరు పొంగిన దినమున ఎవ్వరమును దిగము.

మీ యూరిలో ఏరున్నను, చెరువున్నను, కాలువయున్నను ఇట్టి యేర్పాటు చేయుట మీకు కష్టము గాదు. ఈత వచ్చిన ముసలివారు ప్రతి యూరిలోను నలుగురైన నుందురు. మనతోపాటు ఆ విద్య కాటికి పోనేల?

మరియొక మాట. మీ రేవునకు పరాయివాడెవడైన వచ్చి తువ్వాలుతో నిలుచున్నచో, వానిని పేరడుగుడు, ఈత వచ్చునా యని యడుగుడు, ఎక్కడ లోతో చూపుడు, తోడుగా దిగుడు. వాడు గర్వముతో నవ్వినను నొచ్చుకొనక, దిగువ ప్రక్కను ఒకరు నిలువుడు. నేను నేడు మీతో మాటలాడుచున్నానన్నచో, ఒకనాడు గోదావరి యొడ్డున ఇద్దరు పెద్దలు అట్లు చేయుటచేతనే.

మీ యూరి మీదుగా నేనెప్పుడైన వచ్చినచో, తెల్లవారుజామున మీ రేవున కనబడుదును. నన్ను వెనుక వరుసలో చేర్చుకొనుడు. సెలవు.