కథ చదివించి ఏమి అడగాలి?

నాది సాయంకాలపు తరగతిలో నేర్చిన తెలుగు, ఓపికతో వినండి.

డర్బనులో మన పిల్లలకు ఇంగ్లీషే ఇంటి భాష. అయినా పాఠం చదివి ఏమి అర్థమైందంటే తడబడతారు. నేను బడిలో ఓ. హెన్రీ 1905లో వ్రాసిన ‘ది గిఫ్ట్ ఆఫ్ ది మేజై’ కథ చదివించేదాన్ని. డెల్లా తన జుట్టును 20 డాలర్లకు అమ్మి, భర్త జేబు గడియారానికి గొలుసు కొంటుంది. అతడేమో ఆ గడియారమే అమ్మి ఆమె జుట్టుకు దువ్వెనలు తెస్తాడు.

“డెల్లా ఏమి అమ్మింది?” అంటే వాక్యం వెతికి దించేస్తారు. కథ అర్థం కాకపోయినా మార్కు వస్తుంది! “ఇంటికి వచ్చిన జిమ్ ఆమెను చూచి ఎందుకలా నిలబడిపోయాడు?” అనండి. జవాబు ఆ వాక్యంలో లేదు. కథ చివరిదాకా పోయి మళ్ళీ వెనక్కి రావాలి. ‘ఫాబ్’ అన్న మాట వచ్చినా వెంటనే నిఘంటువు తీయనిచ్చేదాన్ని కాదు. గొలుసు దేనికో తెలిసిన పిల్లవాడు సగం అర్థం తానే చెబుతాడు. నిఘంటువు ఆ తరువాత.

మన తెలుగు తరగతిలోనూ ఇలాగే చేయాలని నా కోరిక. చెరకు తోటలకు వచ్చిన మా తాతగారికి మాట వచ్చు, అక్షరం రాదు. మన పిల్లలకు అక్షరం వచ్చు, గడగడ చదువుతారు, మాట తెలియదు. పెద్ద పద్యాలు తరువాత చూద్దాం. ముందు పది వాక్యాల మర్యాదరామన్న కథ ఒకటి ఇచ్చి, “ఆ తీర్పు ఎందుకు చెప్పాడు?” అని అడగండి. మొదటి ఏడాది జవాబు ఇంగ్లీషులో చెప్పినా నేను ఒప్పుకొంటాను.