ఎండలోకి మళ్లీ ఎందుకు?

(విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ట్రెక్కింగ్, ఈత, సైక్లింగ్, కొండలెక్కడం. ఇలాంటి వాటికి యువతలో కొందరు ఉత్సాహంగా వెళ్తారు, కొందరు వెళ్లరు. ఎందుకు? ఈ ప్రశ్నను నేను మా అమ్మ మాటతో మొదలుపెడతాను.

ఎం.ఏ. చదివే రోజుల్లో ఒకసారి, హాస్టల్ మిత్రులతో కలిసి భువనగిరి కోట ఎక్కడానికి వెళ్తున్నానని ఫోన్‌లో చెప్పాను. అమ్మ అప్పుడే కూలి నుంచి వచ్చింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "ఎండల పని చెయ్యొద్దనే గదా బిడ్డా నిన్ను చదివిచ్చింది. మళ్ల పైసలు పెట్టుకొని ఆ ఎండలకే పోతనంటవేంది?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

ప్రేరణ గురించి చదివేవాళ్లకు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్‌ల స్వయం నిర్ణయ సిద్ధాంతం తెలిసే ఉంటుంది. ఒక పనిని ఇష్టంగా కొనసాగించాలంటే మనిషికి మూడు కావాలంటారు వాళ్లు. ఇది నా ఎంపిక అన్న భావన, నేను చేయగలనన్న నమ్మకం, నావాళ్లు తోడున్నారన్న భరోసా. సిద్ధాంతం మంచిదే. కానీ ఈ మూడూ మన సమాజంలో అందరికీ సమానంగా దొరుకుతాయా?

ముందు ఎంపిక సంగతి. మా ఇళ్లలో ఆరుబయట అంటే కలుపు తీత, పశువుల కాపలా, కట్టెల మోపు, ఇటుక బట్టీ. ఆదివారం కొండెక్కేవారికి సెలవు ఉంటుంది. మా అమ్మకు పని లేని రోజంటే కూలి రాని రోజు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన విద్యార్థి ట్రెక్కింగ్‌కు రాకపోతే "ఆసక్తి లేదు" అని రాసుకోవడం తేలిక. అది మాత్రం పరిశోధన కాదు.

రెండోది నమ్మకం. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆమెతో పాటు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. పూర్ణది నిజామాబాద్ జిల్లాలోని గిరిజన వ్యవసాయ కూలీల కుటుంబం. ఆనంద్‌ది అప్పటి ఖమ్మం జిల్లాలోని దళిత కుటుంబం. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. వాళ్ల ధైర్యాన్ని అందరూ మెచ్చుకున్నారు. ఆ ధైర్యం వెనక భువనగిరి బండల మీద శిక్షణ ఉంది, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో సాధన ఉంది. బూట్లు, తాళ్లు, కోచ్, ఖర్చు భరించిన ప్రభుత్వ సంస్థ ఉన్నాయి. చేయగలనన్న నమ్మకం చేసే అవకాశం దొరికాకే వస్తుంది.

మూడోది భరోసా. మా ఊరి చెరువులో ఎవరు ఏ వైపు దిగాలో పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందరికీ తెలుసు. చెరువు మా ఇంటికి దగ్గరే, అయినా నాకు ఈత రాదు. తర్వాత కాలేజీ రోజుల్లో ఒక ట్రెక్కింగ్ బృందంతో వెళ్లాను. టిఫిన్ డబ్బాలు విప్పగానే ఇంటిపేరు అడిగారు. కొండ ఎక్కడం నాకు కష్టం కాలేదు. ఆ ప్రశ్న దాటడమే కష్టమైంది. మళ్లీ వాళ్లతో వెళ్లలేదు.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ పోరాటం దాహం కోసం మాత్రమే కాదు, అందరిదైన చోటు మనది కూడా అని చెప్పడానికి. రాజ్యాంగంలోని 15(2) అధికరణం బావులు, చెరువులు, స్నాన ఘట్టాలు, రోడ్లు, ప్రజలు చేరే స్థలాల పేర్లు చెప్పి మరీ అక్కడ కుల వివక్షను నిషేధించింది. కాబట్టి ఆరుబయట తిరగడం మనకు సరదా మాత్రమే కాదు, హక్కు కూడా.

అందుకే పరిశోధక మిత్రులకు ఒక మాట. "వీళ్లు ఎందుకు రావడం లేదు?" అని అడిగే ముందు "రావడానికి ఏమేం ఉండాలి?" అని అడగండి. సంక్షేమ హాస్టళ్లలో ఆట వస్తువులు, బూట్లు ఉన్నాయా? అమ్మాయిలు చీకటి పడకముందే తిరిగి రావడానికి బస్సు ఉందా? బృందంలో మనవాళ్లు ఇంకొకరు ఉన్నారా? ప్రేరణను మనిషి మనసులోనే వెతికితే ఇవేవీ కనిపించవు.

పోయినేడు చలికాలంలో అమ్మను భువనగిరి తీసుకెళ్లాను. సగం దాకా ఎక్కి, బండ నీడన కూర్చుంది. కింద పొలాలను చాలాసేపు చూసింది. "పని లేకుండ గుట్టెక్కుడు నాకిదే మొదలు బిడ్డా" అంది.

అప్పుడు అడిగిన ప్రశ్నకు నేను వెతుకుతున్న జవాబు ఆ మాటలోనే దొరికింది. పని కోసం కాకుండా, మన ఇష్టం కోసం ఎండలోకి వెళ్లే రోజు మన అందరికీ రావాలి.

జై భీమ్.