పాత మ్యాగజైన్ వేలంలో కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి!

ఇదిగో, నా చేతిలో ఉన్నది చూడండి. 1951 ఫిబ్రవరి నాటి ‘గెలాక్సీ సైన్స్ ఫిక్షన్’, అమెరికా పత్రిక. రే బ్రాడ్‌బరీ ‘ద ఫైర్‌మన్’ వచ్చింది ఇందులోనే. దాన్నే ఆయన పెంచి రాస్తే 1953లో ‘ఫారెన్‌హీట్ 451’ నవల అయింది. పుస్తకాలు తగలబెట్టే లోకం కథ అది.

దీనికోసం ఆన్‌లైన్‌లో రెండుసార్లు వేలం పాడాను. మొదటిసారి అర్ధరాత్రి దాకా మేలుకుని, ఆవేశంలో పాట పెంచుకుంటూ పోయి గెలిచాను. కవర్ ఫొటో బాగుంది కదా అని లోపలి సంగతి అడగనే లేదు. పార్సిల్ విప్పితే, నాకు కావలసిన కథలోనే నాలుగు పేజీలు లేవు! తిప్పి పంపాలంటే పత్రిక ధర కంటే పోస్టేజీయే ఎక్కువ. నెలల తరబడి దాచుకున్న డబ్బు అలా పోయింది.

అందుకే చెప్తున్నా. ఒకటి, విషయసూచిక, వెన్ను, చివరి పేజీ ఫొటోలు అడగండి. పేజీలన్నీ ఉన్నాయా అని మెసేజ్ పెట్టి జవాబు తీసుకోండి. రెండు, పోస్టేజీ, కస్టమ్స్ కలిపి లెక్కేసుకుని మీ గరిష్ఠ ధర ముందే వేసేయండి. అవతలివాళ్లు పెంచితేనే మీ పాట కొంచెం కొంచెంగా పెరుగుతుంది. అది దాటిందా, వదిలేయండి. మూడు, అప్పటి చవక కాగితంలో ఆమ్లం ఉంటుంది. పసుపెక్కి, పెళుసుబారి, ముట్టుకుంటే రాలిపోతుంది. ఎండ, తేమ తగలనివ్వకండి.

రెండోసారి ఇవన్నీ పాటించాను. కవర్ మీద మరక ఉంది, కానీ కథ మొత్తం ఉంది. నిన్న రాత్రే చదివేశాను!

ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.