పఠాను బొమ్మలకు రంగులు

మా మనుమఁడు పఠాను వీరుల సీసపు బొమ్మలు పదింటికిని ఖాకీరంగే పూసెను. కారణ మడుగఁగా, "సిపాయిలు కదా తాతయ్యా! అందరి బట్టలూ ఒక్కటే" యనెను.

పొరపా టిచ్చటనే యున్నది. పారసీకమున 'ఖాక్' అనఁగా ధూళి. ఖాకీ 1846లో పెషావరున నెలకొల్పఁబడిన గైడ్సు దళమువలన వాడుకకు వచ్చిన సర్కారు సిపాయి దుస్తు. 1839 మొదలు ఆంగ్లసేనల నెదిర్చిన కొండతెగలవారికి అట్టి ఏకరూపవేషము లేదు. వదులైన షల్వారు, తలపాగా, భుజముపై దుప్పటి, చేత జెజాయిల్ అను పొడుగుపాటి తుపాకి. ఎవని యింటి బట్టతో వాఁడే యుద్ధమునకు వచ్చెను.

కావున ముందుగా తెల్లపూత పూసి యారనిచ్చి, పిదప ముఖమును, ఆపై వస్త్రములను దిద్దవలెను. ఒకని తలపాగా వెలిసిన నీలము, వేఱొకనిది మాసిన తెలుపు. ఒక్కొక్కనిని వేఱు మనుష్యునిగాఁ జూచినఁగాని రంగు కుదురదు. సీసము విషము, చేతులు కడుగుకొనక బాలురను భోజనమునకుఁ గూర్చుండనీయరాదు.

ఆ జాతివారే 1929లో అబ్దుల్ గఫార్ ఖాన్ వెంట ఆయుధములు విడిచి, ఎఱ్ఱచొక్కాలు తొడిగి, అహింసావ్రతము పూనిరి. ఈ మాట విని మావాఁడు పదవ బొమ్మ తుపాకి నూడఁదీసి, చొక్కా కెఱ్ఱరంగు వేసెను. తక్కిన తొమ్మిదింటికిని ఇప్పుడు తొమ్మిది ముఖములున్నవి.