పాత మోటారుకార్ల పెళుసులోహము – మన కంచరివిద్య

(హాలహర్వియందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



సంస్కృతము బోధించిన ముసలివానికి మోటారుకార్లతో నేమి పని యని మీలో గొందఱు నవ్వుకొనుచుండవచ్చును. కారు నడుపుట నే నెఱుంగను. కాని పాతకారు తలుపుపిడి విఱిగినపుడు అది తుదకు మన కంచరియొద్దకే వచ్చును. వచ్చినపు డేమి చేయవలెను, ఏమి చేయరాదు అనునదే నేటి ప్రసంగవిషయము.

హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున 1912వ సంవత్సరపు పసుపుపచ్చని రోల్సురాయిసు కారొకటి ప్రదర్శింపబడుచున్నది. ఆఱవ నిజాము కాలమున కోరబడి, 1911లో ఆయన గతించుటచే ఏడవ నిజామునకు జేరినది. ఆ కాలపు కార్ల దీపములు, పిడులు తఱచుగా ఇత్తడివి. ఇత్తడి మాసిపోవును, సొట్టపడును. ఐనను మన చేతికి లొంగి మరల రూపు దాల్చును. చిత్రమేమనగా, అంతకంటె పదునైదిరువదియేండ్లు చిన్నవియైన కార్ల పిడులే చేత బట్టగనే పుటుక్కున విఱుగుచున్నవి.

కారణము వినుడు. తరువాతి కాలమున కార్లు చేయువారు తుత్తునాగమునకు అల్యూమినియము చేర్చి, కరగించి, ఉక్కు అచ్చులలోనికి బలముగా నొత్తి పోయసాగిరి. పని త్వరగా జరిగెను. కాని ఆ తుత్తునాగమున సీసము లేశమాత్రమున్నను, గాలిలోని తేమ లోహపు రవల సందులలో జొరబడి, యేండ్లమీద లోపలనే తినివేయును. పైన క్రోమియము మెఱయుచుండగనే లోపల వస్తువు ఉబ్బి, బీటలువాఱి, పొడియగును. 1929లో అమెరికాలోని న్యూజెర్సీ జింకు కంపెనీవారు మిక్కిలి శుద్ధమైన తుత్తునాగముతో జమక్ అను మిశ్రలోహములను వెలువరించిరి. అవి నిలిచినవి, అశుద్ధలోహముతో పోసినవి నిలువలేదు.

తుత్తునాగమును నిందింపకుడు. సంస్కృతమున దానిని యశదమందురు. ఖర్పరమునుండి దాని సత్త్వమును దీయు విధము రసరత్నసముచ్చయమున వర్ణితము. రాజస్థానమునందలి జావరులో ఆ మూసలు నేటికిని గుట్టలుగా నున్నవి. బిదరీ పాత్రలును తుత్తునాగపువే. అందు రాగి చేర్తురు గాని అల్యూమినియము చేర్పరు. కావుననే అవి శతాబ్దములు నిలిచినవి.

ఇక పని మాట. ఒక పట్టణమున (పేరు చెప్పను) మెఱుగుపెట్టు అంగడివారు, తాతనాటి కారుపిడి నొకదానిని ఇత్తడియని తలచి ఆమ్లపుతొట్టిలో వేసిరి. పైకి దీయునప్పటికి అది చెదలు తిన్న కొయ్యవలె నుండెను. జతపిడి లేదు. సొంతదారుడు మాటాడక వెడలిపోయెను. తుత్తునాగమును ఆమ్లమును తినును, క్షారమును తినును. నిప్పు అసలే పనికిరాదు. ఇత్తడి కరగుటకు తొమ్మిదివందల డిగ్రీలకు పైగా కావలయును, తుత్తునాగము 419 డిగ్రీలకే కరగును. ఎఱ్ఱబాఱుదాక కాచి చూతమనుకొన్నవాని చేతిలో ముద్ద మిగులును.

కావున మొదట లోహమును గుర్తింపుడు. పిడి వెనుక, కంటికి కనబడని చోట, ఆకురాయితో గీయుడు. పసుపైన ఇత్తడి, బూడిదవన్నెయైన తుత్తునాగము. లోపల కుళ్లినదానికి మందు లేదు. దానిని పొడిచోట భద్రపఱచి, దాని రూపున ఇత్తడితో క్రొత్తది పోయుటయే మార్గము.

ఇచటనే మన విద్య యక్కఱకు వచ్చును. మైనపుపోతను, అనగా మధూచ్ఛిష్టవిధానమును, కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దిలోనే మానసోల్లాసమున వర్ణించెను. విఱిగిన ముక్కలను జేర్చి, నెఱియలు మైనముతో బూడ్చి, సిలికోను రబ్బరుతో అచ్చు దీసి, అందు మైనము పోయుడు. మైనము నీటికంటె కొంచెము తేలిక, ఇత్తడి నీటికి ఎనిమిదిన్నర రెట్లు. కావున మైనపు తూకమునకు తొమ్మిదిరెట్ల ఇత్తడియు, పోతకాలువకు మఱికొంతయు సిద్ధపఱచుకొనవలెను. ఇత్తడి చల్లాఱునపుడు నూటికి ఒకటిన్నర వంతు కుంచించును. మైనపుబొమ్మ నంతమేర పెంచవలెను.

ఒక చిక్కు గలదు. పాతపిడి ఉబ్బియుండును గదా! దాని కొలతనే నమ్మిన క్రొత్తపిడి తలుపునకు బిగియదు. చతురస్రపు కడ్డీ దూఱు రంధ్రమును, మరల యెడమును తలుపునుండియే కొలువుడు, పిడినుండి కాదు. ఈ యొక్క మాట మఱచుటచే చెడిన పోతలు చాల గలవు.

తుత్తునాగముపై పూతకు ముందుగా రాగి పట్టింపవలెను. ఆ తొట్టిలో సైనైడు అను ఘోరవిష ముండును. ఇత్తడిపిడి కా బాధ లేదు, నేరుగా నికెలును, దానిపై క్రోమియమును పట్టును. ఐనను క్రోమియపు ఆవిరియు ప్రాణాంతకమే. ఆ పనిని అనుమతిగల పూతశాలకు విడువుడు; ఇంటి వెనుక కొట్టములో చేయబోకుడు. పోత మనది, పూత వారిది.

సంఘమువారిని నేను కోరున దింతే: రబ్బరచ్చు సామగ్రియు, మూస వేడిని కొలుచు యంత్రమొకటియు కొని, ఆదోనియొద్దనో యెమ్మిగనూరియొద్దనో కొలిమి గల యింట నుంచి, కంచరి బాలుర నిద్దఱిని ఈ వేసవి అచట గూర్చుండబెట్టుడు. ఇదిగో, ఈ బల్లపై రెండుముక్కలైన పిడి యున్నది. సొంతదారుడు నమ్మి నా చేతి కిచ్చినాడు. సభానంతరమున కంచరి సోదరులు వచ్చి, ఆకురాయితో దీని వెనుక గీచి చూతురు గాక.