ఉద్యోగానికీ ఉద్యోగానికీ నడుమ విమానం టిక్కెట్టు

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి ముందు వక్తలు సమగ్రంగా చెప్పారు. నాకిచ్చిన పది నిమిషాల్లో వేరే విషయం మనవి చేస్తాను. మన సభ్యుల్లో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. అక్కడ ఒక ఉద్యోగం పోవడం, మరొకటి రావడం ఈమధ్య తరచు వింటున్న మాట. ఆ రెంటి నడుమ దొరికే రెండు మూడు వారాలే వాళ్లు మనల్ని చూసిపోవడానికి వీలైన సమయం. డబ్బుకు ఇబ్బందీ అప్పుడే. అందుచేత చౌక టిక్కెట్టు కోసం వెతుకులాట.

మనకు బదిలీ అయితే జాయినింగ్ టైము ఉండేది, ఆ రోజులకు జీతమూ వచ్చేది. వాళ్లకు అది లేదు. హెచ్-1బి వీసా మీద పనిచేసేవారికి ఉద్యోగం పోతే, 2017 జనవరిలో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఐ-94లో రాసిన తేదీ అంతకుముందే వస్తే అంతవరకే. ఈలోగా దేశం విడిచి వస్తే మిగిలిన రోజులు ఖాతాలో నిలవ ఉండవు. అది ఎర్న్‌డ్ లీవు కాదు.

కనుక రిలీవ్ అయ్యాం గదా అని బయల్దేరకూడదు. కొత్త కంపెనీ పిటిషను మంజూరైనట్లు ఐ-797 కాగితం చేతిలో ఉండాలి. పాస్‌పోర్టులో వీసా స్టాంపు తిరుగు ప్రయాణం నాటికి చెల్లుబాటులో ఉండాలి. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం, దేశం వెలుపల ఉన్నవారి కోసం వేసే కొత్త పిటిషన్లపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. అందుచేత టిక్కెట్టు కొనకముందే కంపెనీ లాయరును అడగడం తప్పనిసరి.

మా రెండోవాడి సంగతి చెబుతాను. డల్లాసులో వాడి ఉద్యోగం పోయింది. నలభై రోజులకు మరొకటి దొరికింది. పిటిషను మంజూరైంది, స్టాంపుకు ఇంకా గడువుంది, చేరడానికి మూడు వారాల వ్యవధి. వాణ్ణి చూసి నాలుగేళ్లయింది. వాళ్లమ్మకు చూపు తగ్గుతున్నది, ఫోనులో ముఖం పోల్చుకోలేకపోతున్నది. ఇప్పుడు రాకపోతే మళ్లీ సెలవు ఎప్పుడో తెలియదు.

వాడి ముందు మూడు దారులున్నాయి. మొదటిది, రావడానికి ఒకటి, పోవడానికి ఒకటి విడివిడిగా కొనడం. దూర ప్రయాణాల్లో పెద్ద విమాన సంస్థల వన్‌వే ధర చాలాసార్లు రానుపోను ధరలో సగం ఉండదు, అంతకంటే బాగా ఎక్కువే. రెండోది అన్నిటికంటే చౌక. గల్ఫ్ దాకా ఒక సంస్థ విమానం, అక్కడినుంచి హైదరాబాదుకు మరో సంస్థది, వేర్వేరు టిక్కెట్లు. 240 డాలర్లు మిగులు. కాని మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థకు బాధ్యత లేదు. సామాను దించుకుని మళ్లీ అప్పగించవలసి వస్తే ఆ దేశం వీసా కావలసి రావచ్చు. మూడోది, దోహా మీదుగా ఒకే టిక్కెట్టు, సామాను నేరుగా శంషాబాదుకే. తేదీ మార్చుకుంటే ధరలో తేడా కడితే చాలు, జరిమానా లేదు.

మూడోదే తీసుకున్నాడు. వాడు ఇక్కడుండగానే కొత్త కంపెనీవారు చేరే తేదీని నాలుగు రోజులు ముందుకు జరిపారు. తేడా 60 డాలర్లు కట్టి సకాలంలో వెళ్లాడు. రెండో టిక్కెట్టయితే తిరుగు ప్రయాణం మొత్తం మళ్లీ కొనవలసివచ్చేది. ఉద్యోగం మారేవాడికి తేదీలు స్థిరంగా ఉండవు. వాడికి చౌక అంటే మార్చుకోవడానికి వీలున్నదే.

మరికొన్ని వివరాలు. జూన్, డిసెంబరు నెలల్లో అక్కడినుంచి వచ్చే విమానాలకు రద్దీ, ధరా ఎక్కువ. జనవరి చివరి నుంచి మార్చి వరకు, సెప్టెంబరులోనూ సాధారణంగా తగ్గుతాయి. నెల మన చేతిలో లేకపోయినా, శుక్ర, శనివారాలు వదిలి మంగళ, బుధవారాలు చూడవచ్చు.

అమెరికా రాకపోకల టిక్కెట్టును ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు విమాన సంస్థ దగ్గరే నేరుగా కొంటే, 24 గంటల్లోగా జరిమానా లేకుండా రద్దు చేసుకోవచ్చు. లేదా సంస్థ డబ్బు కట్టించుకోకుండా అదే ధరకు 24 గంటలు సీటు పట్టి ఉంచాలి. ఇది అక్కడి ప్రభుత్వ నిబంధన. ఏజెంటు దగ్గర కొంటే పి.ఎన్.ఆర్. ఒక్కటే చూసి ఊరుకోవద్దు. 13 అంకెల టిక్కెట్టు నంబరు వచ్చిందా అని అడగండి. ఎల్.టి.సి. బిల్లులో టిక్కెట్టు నంబరు వేసిన చేతులు మనవి, ఇది కష్టం కాదు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. హెచ్-1బి గడువు తీరకముందే కంపెనీయే తొలగిస్తే, ఆ ఉద్యోగి స్వదేశానికి తిరిగివచ్చే సహేతుకమైన ప్రయాణ ఖర్చు కంపెనీయే భరించాలి. తానుగా రాజీనామా చేస్తే వర్తించదు. వచ్చేయదలచుకున్న పిల్లలకు ఈ మాట చెప్పండి.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మనవి. కాగితాలు సరిపడకపోతే "ఒక్కసారి వచ్చిపోరా" అని బలవంతపెట్టకండి. సరిపడితే మాత్రం, ఖర్చని వాడు వెనకాడుతుంటే, మన పెన్షనులోంచి కొంత సర్దండి. మావాడు వద్దన్నాడు, వాళ్లమ్మ ఒప్పుకోలేదు. వాడున్న పదిహేను రోజులూ పక్కన కూర్చోబెట్టుకుని ముఖం తడిమి చూసుకున్నది. ఆ ఖర్చు ఏ పద్దు కింద రాయాలో ముప్పైయేళ్లు పద్దులు రాసిన నాకూ తెలియదు.